అక్షరాల గదిలో ఐదుగురు

జూన్ 17

ఈ రోజు అక్షరాల గది తెరిచాం. మొన్నటిదాకా ఇందులో విరిగిన బెంచీలు, పగిలిన నీళ్ల డ్రమ్ములు ఉండేవి. నేనూ ఆయా కలిసి రెండు రోజులు కడిగితే గచ్చు కనబడింది.

ఐదుగురు పిల్లలు. అందరూ ఐదో వార్డు వాళ్లే. తొమ్మిది, పదేళ్ల వయసు. మా ఉప్పుమెట్టలో ఆరేళ్లు నిండగానే ప్రతి పిల్లకీ చెవి వెనక పలుకు తగిలిస్తారు. గోరంత బిళ్ల. మనం ఏ రాత వైపు చూస్తే ఆ రాతలోని సారాన్ని అది చెవిలో చెబుతుంది. ఈ ఐదుగురికీ అది పడలేదు. ఒకడికి చెవి చీము పట్టింది, ఇద్దరికి తలనొప్పి, ఒకమ్మాయికి కళ్లు తిరగడం, అప్పలకొండ అనే పిల్లకైతే వాంతులు. తీసేశారు. తోటివాళ్లు పుస్తకం వంక చూసి గడగడా అప్పజెబుతుంటే వీళ్లు మూడేళ్లుగా వెనక బెంచీలో తలొంచుకుని కూర్చున్నారు. మొద్దులన్న పేరు పడింది.

హెడ్మాస్టరు గవరయ్య గారు గుమ్మంలోనే నిలబడి విషయం చెప్పారు.

"పైడితల్లి గారూ, అక్టోబరు పరీక్షలో ఒక పేజీ గట్టిగా చదవాలట. చదవలేనోళ్లని ఉప్పుమళ్ల పనికి రాసేయమన్నారు. కంటితో చదవడం ఈ బళ్లో మీకొక్కరికే వచ్చు. ఏం చేస్తారో మరి."

కంటితో చదవడం నేర్చుకున్న ఆఖరి తరగతి మాది. నాకిప్పుడు యాభై రెండేళ్లు.

"ఈ వారం ఎవరూ గట్టిగా చదవక్కర్లేదు," అన్నాను పిల్లలతో.

ఢిల్లీశ్వర్రావు అనే కుర్రాడు అనుమానంగా చూశాడు. "మరేటి సేయాలండి?"

"వినాలి. నేను చదువుతాను. మీరు నా వేలు ఎక్కడుందో చూడండి చాలు."

అప్పలకొండ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. రోజంతా ఆ పిల్ల అన్నది ఒకే మాట. "నాకు రాదండి." నేనేమీ అడగకముందే అంది.

పిల్లలు రోజూ ఒక పెద్ద మనిషి చేత్తో రాస్తుంటే చూడాలి. అందుకే ఈ పుస్తకం పెట్టాను. వాళ్ల ముందే కూర్చుని రాస్తున్నాను.

జూన్ 28

ఉప్పుకి కరువు లేని ఊరు కదా. ఐదు పళ్లేల్లో ఉప్పు పరిచి వేలితో అక్షరాలు దిద్దిస్తున్నాను. పలక మీద తప్పు రాస్తే తుడిచినా మరక మిగులుతుంది. ఉప్పులో పళ్లెం ఒక్కసారి కుదిపితే ఏమీ మిగలదు. వీళ్లకి కావలసింది అదే.

ఢిల్లీ మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తాడు. 'పడవ' అని ఉంటే 'పనస' అంటాడు. తప్పని చెప్పను. మనసులో పది దాకా లెక్కపెడతాను. ఆరు దగ్గరో ఏడు దగ్గరో వాడే మళ్లీ చూసి దిద్దుకుంటాడు. "నువ్వే పట్టుకున్నావు" అంటే చెవులు ఎర్రబడతాయి. బాగా చదివావని ఊరికే అంటే వీళ్లు నమ్మరు. ఏం చేశారో చెబితే నమ్ముతారు.

కొండ ఇంకా నోరు విప్పలేదు. పక్కన కూర్చుని నేనూ ఉప్పులో రాస్తూ ఉన్నాను. మధ్యాహ్నం నా పళ్లెంలోకి తొంగి చూసింది.

"దీనికి తలకట్టు ఇడిగా ఉన్నాది. దీనికి అంటుకుని ఉన్నాది. ఎందుకండి?"

"విడిగా ఉంటే ప. అంటుకుని ఉంటే వ."

"అంతేనా?"

"అంతే."

మూడేళ్లుగా ఆ పిల్ల ఆ రెంటి మధ్యే ఆగిపోయింది. ఎవరూ చెప్పలేదు. మిగతావాళ్లకి చెప్పాల్సిన పని లేకపోయింది గనక చెప్పడమే మానేశారు.

జూలై 12

కొండ వాళ్లమ్మ పోలమ్మ వచ్చింది. ఉప్పుమళ్లలో పని. కాళ్లు మోకాళ్ల దాకా తెల్లగా పగిలి ఉన్నాయి.

"టీచరమ్మా, మా గుంట ఇంటికాడ గోడల మీదా డబ్బాల మీదా ఏలు ఎట్టుకుని గొణుగుతున్నాది. జనం నవ్వుతున్నారు. నా సెవిలో అన్నీ సెప్పేత్తాది కదా, ఇదెందుకు దీనికి?"

"పరీక్ష కోసం."

"పరీచ్చ గట్టెక్కుతాదా?"

నిజం చెప్పాను. తెలియదన్నాను. ఆమె గుమ్మం దగ్గర ఆగి కూతురి వైపు చూసింది. కొండ ఆ క్షణాన చంటిపిల్లల బొమ్మల పుస్తకంలోంచి, వాళ్లమ్మ వినేలా, 'మేక ఆకు మేసింది' అని చదివింది. నాలుగు ఊపిర్లు పట్టింది ఆ మూడు మాటలకీ. పోలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని పనికి వెళ్లిపోయింది.

జూలై 23

ఈ రోజు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

భోజనం వేళ పంపు దగ్గర ఢిల్లీ ఆగి, పైపుకి అంటించిన రేకు మీద వేలు పెట్టి చదివాడు. వాళ్ల నాన్న సింహాచలం ఊరి పంపుల దగ్గర పనిచేస్తాడు. ఆ సమయానికి మా పంపు చూడటానికి వచ్చి అక్కడే ఉన్నాడు. ఢిల్లీ తండ్రికి వినిపించాలని గొంతు పెంచాడు.

"మ... రి... గిం... చి తా... గ... వ... లె... ను. మరిగించి తాగవలెను."

నేను రేకు వంక చూశాను. నా చెవిలో పలుకు హాయిగా చెప్పింది. 'మంచినీరు. తాగడానికి అనుకూలం.'

"కాదు ఢిల్లీ. మళ్లీ ఊహించావు," అన్నాను.

లెక్క పెట్టలేదు. ఆగలేదు. పదిమంది పిల్లల ముందు అనేశాను. వాడి వేలు రేకు మీంచి జారిపోయింది. సింహాచలం నవ్వి, "ఒరే, ఊరికే ఆ తంటాలు నీకెందుకురా" అని వెళ్లిపోయాడు.

గదిలోకి వచ్చాక మనసు ఒప్పుకోలేదు. తిరిగి వెళ్లి, చెవి వెనక బిళ్ల తీసి చేతిలో పట్టుకుని, రేకు ముందు నిలబడ్డాను. అక్షరాలు ఒక్కొక్కటే తేటపడడానికి కాస్త సమయం పట్టింది. మరిగించి తాగవలెను. ఆ పిల్లాడు ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు.

పిల్లల పాఠాలు తప్ప వేరే ఏదైనా కంటితో చదివి నాకు ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. కన్ను పని మొదలెట్టేలోగానే చెవి చెప్పేస్తుంది.

మధ్యాహ్నం ఐదుగురి ముందూ చెప్పాను. "ఢిల్లీ సరిగ్గా చదివాడు. నేనే తప్పు." వాడు తల ఊపాడు గానీ ఆ తర్వాత మళ్లీ గట్టిగా చదవలేదు. సింహాచలానికి కూడా చెబుదామని వెళ్తే అప్పటికే పని ముగించుకుని వెళ్లిపోయాడు.

గవరయ్య గారికి చెప్పాను. ఆయన రేకు వంక చూశారు, విన్నారు. "మంచినీరనే ఉంది కదండీ?" అన్నారు. నా వంక చూసిన చూపు నాకు నచ్చలేదు.

ఆగస్టు 6

తరగతిలో ఉన్నంతసేపూ పలుకు తీసి డ్రాయరులో పెడుతున్నాను. నా చదువు కుంటుతోంది. నిన్న కథ చదువుతూ ఒక ఒత్తు మింగేశాను.

"ఆగండి టీచరమ్మా," అంది కొండ. "కింద ఒత్తు సూడండి."

చూశాను. ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు. గెలిచానన్న గర్వం కాదు. నేను ఇన్నాళ్లూ వాళ్ల కోసం ఓపిక పట్టినట్టే నా కోసం ఓపిక పట్టి కూర్చుంది. ఆ తర్వాత మిగతా పేజీ తనే చదివింది. పదకొండు చోట్ల ఆగింది, రెండు చోట్ల వెనక్కి వెళ్లింది, ఎక్కడా 'నాకు రాదు' అనలేదు.

పోయిన వారం పిల్లలకి ఒక పని ఇచ్చాను. ఊళ్లో ఎక్కడైనా కనిపించిన రాతని ఉన్నది ఉన్నట్టు రాసుకుని రావాలి. అమ్మనో నాన్ననో అదే రాత వైపు చూడమని, వాళ్ల చెవి ఏం చెప్పిందో అడగాలి. చదవడం సరదాగా ఉంటుందని ఇచ్చిన పని. వారంలో ఇరవై మూడు రాతలు తెచ్చారు. పదిహేడు కలిశాయి. ఆరు కలవలేదు. మందు సీసా మీద 'చిన్నపిల్లలకు ఇవ్వరాదు' అని ఉంది. చెవి 'అందరికీ' అంది. ఉప్పుమళ్ల గేటు మీద 'ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదు' అని ఉంది. చెవి 'స్వాగతం' అంది.

సాయంత్రం గవరయ్య గారు పిలిచారు. "రోజుకి ఐదు గంటలు మీ పలుకు మాట్లాడటం లేదని పైనుంచి అడిగేరు. చెవి నొప్పని చెప్పేను. ఎన్నాళ్లు చెప్పగలను?"

ఆగస్టు 20

కొండ రెండు రోజులు బడికి ఆలస్యంగా వచ్చింది. ఈ రోజు కారణం తెలిసింది. సముద్రపు గట్టు మీద, నీళ్లు తోడిపోసే ఐదో వార్డు పంపుల గదికి అద్దాల పెట్టె ఒకటి ఉంది. అందులో చీమతలల్లాంటి అక్షరాల్లో ఒక కాగితం ఉందట. దాన్ని నిలబడి రాసుకుంది. నోటుపుస్తకంలో రెండు పేజీలు.

"సదవమంటారా?"

చదివింది. ఐదుగురం చుట్టూ చేరాం.

"ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా... సెప్టెంబరు ముప్పయ్యవ తేదీ నుండి ఐదవ వార్డు పంపులు ని... లి... పి... వేయబడును. సదరు వార్డు ముం... ముం..." ఆగింది. వేలు కదలలేదు. "ముంవు కాదు. తలకట్టు ఇడిగా ఉన్నాది. ముంపు. ముంపునకు విడిచిపెట్టబడును."

మా ఐదో వార్డు సముద్రం కంటే రెండు నిలువుల కింద ఉంటుంది. పంపులు ఆగితే ఏమవుతుందో ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు.

"ఇంకా ఉన్నాది," అంది కొండ. "అభ్యంతరములు గలవారు ఈ ప్రకటన తేదీ నుండి ముప్పది దినములలోగా వ్రాతపూర్వకముగా, స్వహస్త సంతకముతో తెలుపవలెను."

"అంటే ఏటండి?" అన్నాడు ఢిల్లీ.

"వద్దని చేత్తో రాసి, చేత్తో పేరు పెట్టాలి."

ప్రకటన తేదీ ఆగస్టు ఒకటి. పది రోజులు మిగిలాయి. వార్డులో నాలుగు వందల పన్నెండు గడపలు. చేత్తో పేరు రాయగలిగేది ఈ గదిలోని ఆరుగురం.

బడి వదిలాక గట్టు మీదికి వెళ్లాను. ముందు పలుకు పెట్టుకుని చూశాను. 'ఐదో వార్డు గట్టు మరమ్మతులు. మీ సహకారానికి ధన్యవాదాలు.' తీసి చూశాను. కొండ ఒక్క పొల్లు కూడా వదల్లేదు.

ఆగస్టు 22

ఈ రోజు ఆదివారం. పొద్దున్న వార్డు చావడి దగ్గర జనాన్ని కూడగట్టాం. నూటయాభై మంది దాకా వచ్చారు. కాగితం నేను చదువుతానన్నాను. కొండ ఒప్పుకోలేదు.

"నాను రాసుకున్నాను. నానే సదువుతాను."

నిలబడి చదివింది. అయిపోగానే సింహాచలం లేచాడు.

"ఆ పంపుల కాడ పన్నెండేళ్లుగా పని సేస్తున్నాను. ఆ కాగితం రోజూ సూత్తన్నాను. మరమ్మతులనే సెప్తాది. ఈ పిల్లలు సదవనేకే కదా ఆ గదిలో ఏసేరు? మావోడు పంపు రేకు సదివితే తప్పని ఈ టీచరమ్మే అన్నాది, నా ముందే."

"తప్పు నాది, సింహాచలం. వాడిది కాదు. ఆ రోజే పిల్లల ముందు చెప్పాను."

"అప్పుడు మీ సెవి ఒకటి సెప్పింది, తరవాత మీ కన్ను ఇంకోటి సెప్పింది. నానేది నమ్మాలి?"

ఢిల్లీ తండ్రి వెనక నిలబడి నేల చూస్తున్నాడు.

జనం వెనకనుంచి అసిరయ్య తాత ముందుకొచ్చాడు. ఉప్పుమళ్లలో ముసలివాడైపోయిన మనిషి. చొక్కా చెయ్యి పైకి మడిచి కొండ ముందు పెట్టాడు. మోచేతి పైన పాతబడి నీలం తేలిన పచ్చబొట్టు. ఒంటి మీది రాతలు పలుకు చదవదు.

"ఇదేటి రాసుందో సెప్పు. ఈడ ఎవుళికీ నాను సెప్పనేదు."

ముడతల్లో అక్షరాలు ఒకదాన్నొకటి మింగేశాయి. కొండ చర్మాన్ని బొటనవేలితో సాగదీసి చూసింది. చాలాసేపు పట్టింది. ఎవరో దగ్గారు. ఎవరో నవ్వబోయి ఆగారు.

"నూ... క... రా... లు," అంది. "నూకరాలు."

తాత చొక్కా దించుకున్నాడు. "నా పెళ్లాం పేరు. అది పోయి ముప్పయ్యేళ్లయ్యింది," అన్నాడు జనం వైపు తిరిగి. "ఈ పిల్ల సదివిందంటే అది రాసున్నట్టే. నాకు నా పేరు రాయడం నేర్పండి."

పోలమ్మ ఆయన వెనక నిలబడింది. తర్వాత ఇంకొందరు. సింహాచలం కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆగస్టు 30

ఎనిమిది రోజులు చావడిలో బడి నడిచింది. ఐదుగురు పిల్లలూ టీచర్లే. ఢిల్లీ వాళ్ల నాన్నకి తెలియకుండా వచ్చేవాడు. పెద్దవాళ్లు పిల్లల కంటే త్వరగా విసుక్కుంటారు. ఒకాయన పెన్సిలు విసిరేశాడు. పక్కన కూర్చున్న ఢిల్లీ పెన్సిలు తెచ్చి ఆయన ముందు పెట్టి, ఏమీ అనకుండా వేచి ఉన్నాడు. కాసేపటికి ఆయన మళ్లీ తీసుకున్నాడు. ఇది నేను నేర్పిన పాఠం కాదు. వాడికి జరిగిన దాంట్లోంచి వాడే తీసుకున్నాడు.

పోలమ్మ పేరులోని 'మ్మ' కోసం రెండు రోజులు కష్టపడింది. మొత్తం అరవై ఒక్క గడపల నుంచి కాగితాలు తయారయ్యాయి.

ఈ రోజు పోలమ్మ, కొండ, అసిరయ్య తాత, నేను గట్టు కార్యాలయానికి వెళ్లాం. గుమాస్తా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. మొదటి కాగితం తీసి చూశాడు. ముఖం విప్పారింది.

"శుభాకాంక్షలా? చాలా సంతోషం. ఇలా చేత్తో రాసి ఇచ్చేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారండీ."

కాగితం మీద పోలమ్మ రాసింది ఇది: 'మా ఇల్లు ముంచొద్దు.'

కొండ నోరు తెరిచింది. నేను ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. ఆయన ఒక్కొక్కటీ చూసి, చిరునవ్వు నవ్వి, తేదీ ముద్ర వేశాడు. అరవై ఒక్క ముద్రలు. రసీదులు మా చేతికిచ్చాడు. నిజం చెబితే ముద్ర పడేది కాదు.

బయటికి వచ్చాక కొండ అడిగింది. "అందులో ఏటుందో ఆయనికి తెలీదు కదా?"

"తెలీదు."

"మరి ఎవుళికి తెలుసు?"

సెప్టెంబరు 16

పోయిన వారం గవరయ్య గారు గదికి తాళం వేశారు. వేసేముందు నా దగ్గరికి వచ్చి, "నా చెవిలో చెప్పిందే చేస్తున్నానండి" అన్నారు. ఆయన పలుకు తీసి చూడమని అడిగాను. "నాకు కంటితో రాదు కదండీ," అన్నారు నెమ్మదిగా. తీసినా లాభం లేదన్నమాట ఆయనది.

అదే రోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. చట్టం ప్రకారం జవాబు కూడా కాగితం మీదే ఇవ్వాలట. గట్టు కార్యాలయంలో ఎవరో ఒకరు కంటితో చదివే మనిషి ఉన్నట్టే. కొండ చావడిలో చదివింది.

'అభ్యంతరము తెలిపిన అరువది యొక్క గృహములకు మాత్రము ఎగువ వార్డున తాత్కాలిక వసతి కల్పించబడును. తక్కిన గృహములు సమ్మతించినట్లు పరిగణించడమైనది.'

గెలిచామని ఎవరూ అనుకోలేదు. అరవై ఒకటి పోగా మిగిలిన మూడు వందల యాభై ఒక్క గడపలకీ, ముంపుకి ముందే ఇల్లు వదలమని చెబుతూ ఆ రోజు నుంచి తిరుగుతున్నాం. కొందరు రసీదు పట్టుకుని చూశారు. వాళ్ల చెవి 'ధన్యవాదాలు' అంది. కొందరు తలుపే తీయలేదు. ఢిల్లీ వాళ్ల ఇంటికి మూడుసార్లు వెళ్లాను. సింహాచలం మంచినీళ్లిచ్చాడు, కూర్చోమన్నాడు, కదలనన్నాడు.

"పంపులు ఆపితే ఆపమని నాకే కదా సెప్పాలి, టీచరమ్మా? నాకెవరూ సెప్పనేదు."

అక్టోబరు 2

సెప్టెంబరు ముప్పయ్యో తేదీ పొద్దున్న పదకొండింటికి పంపులు ఆగాయి. సింహాచలం ఆపలేదు. ఎవరూ ఆపలేదు. వాటంతటవే ఆగాయి. ఆయన మీటలు ఎంత తిప్పినా మళ్లీ కదల్లేదని తర్వాత చెప్పాడు.

రెండింటికి చావడి మెట్టు మునిగింది. నాలుగింటికి నీళ్లు నడుము దాకా వచ్చాయి. అందరి చెవుల్లోనూ ఒకటే మాట వినబడుతోందట, 'మరమ్మతులు జరుగుతున్నాయి, ఇళ్లలోనే ఉండండి' అని. చాలామంది ఉన్నారు. సింహాచలం ఢిల్లీని భుజం మీద ఎక్కించుకుని మెడలోతు నీళ్లలో గట్టెక్కాడు. ఎక్కగానే బిళ్ల పీకి నీళ్లలోకి విసిరేశాడు.

ఎవరికీ ప్రాణాపాయం లేదని ప్రకటించారు. ముగ్గురు పోయారు. గంటా వరహాలమ్మ. ఆమె మనవడు, నాలుగేళ్ల చిరంజీవి. బొడ్డు లచ్చుమన్న. ఇంకెక్కడా ఈ పేర్లు రాసి ఉండవు గనక ఇక్కడ రాశాను.

అక్టోబరు 15

ఎగువ వార్డులోని మా బడే ఇప్పుడు శిబిరం. రసీదు ఉన్న అరవై ఒక్క కుటుంబాలు గదుల్లో ఉన్నాయి. లేనివాళ్లు ఆవరణలో, టార్పాలిన్ల కింద. గదుల్లో ఉన్నవాళ్లు బయటివాళ్లలో పట్టినంతమందిని లోపలికి పిలుచుకున్నారు. ఒక్కో గదిలో ఐదారు కుటుంబాలు. సింహాచలం పిలిచినా రాలేదు. బయటే ఉన్నాడు. పరీక్ష మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఈ రోజు శుక్రవారం. ఉదయం ఆరోగ్య బృందం వచ్చింది. ఒక పెద్దాయన, ఒక యువతి, ఒక పెట్టె. అందరి చెవులకూ పడే కొత్త పలుకు వచ్చిందట. జాబితాలో మొదటి పేరు అప్పలకొండ. తర్వాత నలుగురూ మా గది పిల్లలే.

"ఇష్టమైతేనేనమ్మా, బలవంతం లేదు," అన్నాడాయన పోలమ్మతో. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. "ఈ కాగితం మీద మీ మాట రాసి సంతకం పెట్టండి."

పోలమ్మ కాగితం కూతురికిచ్చింది. "ఏటి రాసుందో సదువు."

కొండ వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని చదివింది. పావుగంట పట్టింది. ఆయన గడియారం చూసుకున్నాడు. పోలమ్మ చూసుకోలేదు. చుట్టూ జనం చేరారు.

"ఒకసారి అమర్చిన పిదప తొలగించుటకు వీలు లేదు," అని చదివింది కొండ ఆఖరి వరుసలో.

"అలా లేదు పాపా," అన్నాడాయన, ఎంతో ఓపికగా. "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చని ఉంది."

ఆయన అబద్ధం ఆడటం లేదు. అదే నన్ను భయపెట్టింది.

పోలమ్మ పెన్సిలు అడిగింది. కాగితం నేలమీద పరిచి, మోకాళ్ల మీద వంగి, రెండు అక్షరాలు రాసింది. పేరు కాక, పిల్లలు రాసిచ్చింది చూసి దిద్దకుండా, ఆమె సొంతంగా రాసిన తొలి మాట. 'ఒద్దు.' 'ద'కి ఒత్తు కాస్త పక్కకి జరిగింది. కింద సంతకం పెట్టింది.

ఆయన కాగితం అందుకుని చూశాడు. "సంతోషం అమ్మా. సమ్మతి అని రాశారు. పాపని ఇలా కూర్చోబెట్టండి."

"ఒద్దని రాసేను బాబూ."

"నోటితో ఏం చెప్పినా కాగితమే లెక్కమ్మా. కాగితంలో సమ్మతే ఉంది."

ఆయన పెట్టె తెరిచాడు. పోలమ్మ కూతురి ముందు నిలబడింది. అసిరయ్య తాత లేచాడు. టార్పాలిన్ల కిందినుంచి సింహాచలం వచ్చి పోలమ్మ పక్కన నిలబడ్డాడు. వరండా నిండిపోయింది. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు. కాసేపటికి ఆయన పెట్టె మూశాడు. సోమవారం పోలీసులతో వస్తానని, తన దగ్గర సమ్మతిపత్రం ఉందని, మర్యాదగానే చెప్పి వెళ్లిపోయాడు. పోలమ్మ 'ఒద్దు' ఆయన సంచీలోనే వెళ్లింది.

ఇది మధ్యాహ్నం మూడింటికి రాస్తున్నాను. ఇప్పుడే గేటు దగ్గర అలికిడైతే తలెత్తాను. పొద్దున్న వచ్చిన యువతి. ఒక్కతే. చెవి వెనక బిళ్ల ఉండాల్సిన చోట చర్మం ఎర్రగా కమిలి ఉంది. నేరుగా కొండ దగ్గరికి వెళ్లింది.

"పొద్దున్న మీ అమ్మ రాసిన మాట నాకు మళ్లీ రాసి చూపిస్తావా? నాకు ఒక్క అక్షరం కూడా రాదు."

కొండ ఆమెను కాసేపు చూసింది. తర్వాత చాప మీద పక్కకి జరిగి చోటిచ్చింది. పక్క చాపల మీద ఢిల్లీ, మిగతా ముగ్గురూ, ఒక్కొక్కరి ముందు ఏడెనిమిది మంది పెద్దవాళ్లు వంగి రాస్తున్నారు. సోమవారానికి ఇంకా రెండు రోజులుంది.